వేరు కుంపటికి వేరు కార్డు

ఆంధ్రప్రదేశ్‌లో ఏ గ్రామ, వార్డు సచివాలయంలోనైనా బియ్యం కార్డు, అంటే రేషన్ కార్డు, కౌంటరు దగ్గర ఓ గంట నిలబడితే ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది: "మామ్మగారూ, మీ అబ్బాయి మీ మ్యాపింగ్‌లోనే ఉన్నారండీ. ఆయనది గవర్నమెంటు ఉద్యోగం కదా, సిస్టమ్ తీసుకోవట్లేదు." దానికి వచ్చే జవాబు కూడా ఇంచుమించు ఒకటే: "వాడు విశాఖపట్నంలో ఉంటాడు బాబూ. నా వంట నేనే వండుకుంటున్నాను." ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మ్యాపింగ్ అంటే ఎవరెవరు ఒక కుటుంబమో ప్రభుత్వం కంప్యూటర్లో రాసిపెట్టుకున్న జాబితా. కొడుకు ఆ కంప్యూటర్లో ఆమె కుటుంబంలోనే ఉన్నాడు, ఇంట్లో లేడు. కార్డు ఇవ్వాలా వద్దా అని తేల్చేది మాత్రం కంప్యూటరే.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 25 నుంచి క్యూఆర్ కోడ్ ఉన్న స్మార్ట్ కార్డులు పంచారు. అంతకు ముందు మే నెలలో కొత్త కార్డులకీ, చేర్పులకీ, విభజనకీ దరఖాస్తులు తెరిచారు. తెలంగాణలో అదే ఏడాది జులైలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. ఏళ్ల తరబడి ఆగిపోయిన పని కదలడం మంచిదే. కార్డు రూపం మారింది, ముద్రణ బాగుంది, స్కాన్ చేస్తే వివరాలు వస్తున్నాయి. ఆ మామ్మగారి చిక్కు మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే ఆ చిక్కు ఉన్నది "కుటుంబం" అన్న మాటకి మనం చెప్పుకుంటున్న అర్థంలో.

నా వాదన ఇది. రేషన్ విషయంలో కుటుంబం అంటే ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. రక్తసంబంధమో, ఆధార్ చిరునామానో, ఎప్పుడో జరిగిన సర్వేలో ఒకే వరుసలో పడిన పేర్లో కాదు. వేరు కుంపటి పెట్టుకున్నవాళ్లకి వేరు కార్డు అడిగే హక్కు ఉండాలి. దానికి పెళ్లో, చావో, కోర్టు డిక్రీయో కారణంగా చూపించాల్సిన అవసరం ఉండకూడదు.

వడపోతకి ముందు వడపోత

ఆంధ్రలో కార్డు ఎవరికివ్వాలో తేల్చే ఆరు అంచెల వడపోత సంగతి అందరికీ తెలిసిందే. నెల ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపినా 10 ఎకరాలు మించకూడదు. కరెంటు నెలకి సగటున 300 యూనిట్ల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పింఛను తీసుకునే రిటైరైన ఉద్యోగి గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు లెక్కలోకి రావు. ఆదాయపన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణాల్లో దీనికి తోడు ఇంటి కట్టుబడి 1000 చదరపు అడుగుల హద్దు ఉంది.

ఈ హద్దులు కొంచెం ఎక్కువా తక్కువా అని వాదించుకోవచ్చు. మొత్తం మీద చూస్తే అవేమీ అన్యాయమైనవి కావు. అసలు ప్రశ్న వేరే ఉంది: ఈ హద్దులు ఎవరిని కొలుస్తున్నాయి? ఏ అంచెలోనైనా అడిగేది "ఈ కుటుంబంలో ఎవరికైనా" అనే. అంటే కుటుంబం ఎవరెవరో ముందే తేలిపోయి ఉండాలి. అది తేల్చినది వాలంటీర్లు 50 ఇళ్లకి ఒకరు చొప్పున తిరిగి చేసిన హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు, పాత తెల్ల కార్డులో ఎవరి పేర్లున్నాయి, ఎవరి ఆధార్ చేతికి దొరికింది అన్నదాన్ని బట్టి చాలా పేర్లు ఒక గుంపులో పడ్డాయి. ఆ తర్వాత ఇళ్లల్లో పెళ్లిళ్లయ్యాయి, తగాదాలయ్యాయి, కొడుకులు వేరుపడ్డారు, కోడళ్లు పుట్టిళ్లకి వెళ్లారు. గుంపు మాత్రం గుంపుగానే ఉండిపోయింది.

ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు గదుల్లో మూడు పొయ్యిలు పెట్టుకుని ఉన్నారనుకుందాం. మీటరు ఒక్కటే, తండ్రి పేరు మీద ఉంది. ఒక్కొక్క కాపురం నెలకి 110 యూనిట్లు వాడుతుంది. అంత వాడకం ఉన్న ఇంటిని ఎవరూ సంపన్నుల ఇల్లు అనరు. మూడూ కలిస్తే 330. ముగ్గురికీ కార్డు పోతుంది. భూమిదీ ఇదే కథ. తండ్రి పేరు మీద 4 ఎకరాల మాగాణి ఉంటుంది. నలుగురు కొడుకులు నోటిమాటగా ఎకరం చొప్పున పంచుకుని పదేళ్లుగా విడివిడిగా సాగు చేసుకుంటుంటారు. పారిఖత్తు (పంపకాల పత్రం) రాసుకోలేదు, రిజిస్ట్రేషన్ ఖర్చుకి జంకారు. వన్‌బీలో (రెవెన్యూ భూమి రికార్డులో) 4 ఎకరాలూ తండ్రి ఖాతాలోనే కనిపిస్తాయి. ఎకరం రైతులు నలుగురూ 4 ఎకరాల ఆసాములై అనర్హుల జాబితాలో చేరతారు.

మిగతా అంచెల్లో తప్పులు జరగవని కాదు. కారు అమ్మేసి, ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చేస్తారు. కొన్నవాడు ఆర్టీవో ఆఫీసు గడప తొక్కడు. ఆర్సీ పాత యజమాని పేరు మీదే ఉంటుంది. బ్యాంకు లోను కోసమో, కోత పడిన టీడీఎస్ వెనక్కి తెచ్చుకోవడానికో రిటర్ను వేసినవాడు, ఒక్క రూపాయి పన్ను కట్టకపోయినా పన్ను చెల్లింపుదారుడిగా కనిపిస్తాడు. అద్దెకున్నవాళ్ల ఆధార్ ఇంటి ఓనరు మీటరుకి తగులుకుని ఉంటుంది. ఔట్‌సోర్సింగ్‌లో కొన్నాళ్లు పనిచేసి మానేసినవాళ్లు ఇంకా ఉద్యోగులుగానే చలామణీ అవుతుంటారు.

ఈ తప్పులన్నిటికీ ఒక ఆఫీసంటూ ఉంది. భూమికి తహసీల్దారు, కరెంటుకి డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) ఏఈ, బండికి ఆర్టీవో, పన్నుకి రిటర్ను కాపీ. తిరగాలి, రోజు కూలి పోతుంది, అయినా చివరికి చేతికో కాగితం వస్తుంది. కుటుంబం సంగతికొస్తే అలాంటి ఆఫీసే లేదు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవపత్రం పోయినవాళ్ల వారసుల కోసం. బతికున్న తల్లీ కొడుకులు వేర్వేరుగా వండుకుంటున్నారని రాసి ముద్ర వేసే అధికారి ఎవరూ లేరు. మ్యాపింగ్ తప్పు మిగతా తప్పుల్లాంటిది కాదని నేను అనడానికి కారణం ఇదే. దాన్ని దిద్దమని ఎవరిని అడగాలో కూడా సామాన్యులకి తెలియదు.

విడగొట్టమని అడిగితే కారణం కావాలంటారు. పెళ్లయిందా? చనిపోయారా? విడాకుల డిక్రీ ఉందా? పేదింటి ఆడవాళ్లలో భర్త వదిలేసినవాళ్లు ఉంటారు, కోర్టుకెక్కి విడాకులు తీసుకున్నవాళ్లు అరుదు. లాయరు ఫీజు ఎవరిస్తారు? భర్త ఏడెనిమిదేళ్ల కిందట వెళ్లిపోయాడు, ఇంకో ఊళ్లో ఇంకో కాపురం పెట్టాడు, అక్కడ కారు కొన్నాడు. ఈమె ఇక్కడ ఇద్దరు పిల్లలతో కూలికి వెళ్తుంది. మ్యాపింగ్‌లో ఇద్దరూ భార్యాభర్తలు, ఆమెది కారున్న కుటుంబం. భర్త వదిలేసినవాళ్లకీ, ఒంటరివాళ్లకీ, 50 ఏళ్లు దాటినా పెళ్లి కానివాళ్లకీ, ట్రాన్స్‌జెండర్లకీ కార్డులిస్తామని 2025లో ప్రకటించడం సరైన దిశలో వేసిన అడుగే. అయితే ఇవన్నీ మినహాయింపులు. మినహాయింపు అంటే "నేను ఆ కోవలోకి వస్తాను" అని నిరూపించుకోవడం, అంటే మళ్లీ కాగితం. పొయ్యిని లెక్కలోకి తీసుకుంటే ఇన్ని కోవలు కట్టాల్సిన పనే ఉండదు.

పొయ్యి లెక్క కొత్తది కాదు

ఇది కవిత్వంలాగా వినిపిస్తుందేమో గానీ, ప్రభుత్వం తన లెక్కల్లో ఎప్పటినుంచో వాడుతున్న కొలత ఇదే. జనగణనలో కుటుంబం అంటే కలిసి ఉంటూ ఒకే వంటగది నుంచి తినేవాళ్లు. ఒకే ఇంట్లో రెండు వంటలు జరుగుతుంటే ఎన్యూమరేటర్ రెండు కుటుంబాలుగా రాసుకోవాలి. జాతీయ శాంపిల్ సర్వేదీ ఇదే పద్ధతి. 2005 ఉపాధి హామీ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, రక్తసంబంధమో పెళ్లో దత్తతో ఉండి, మామూలుగా కలిసి నివసిస్తూ, భోజనం పంచుకునేవాళ్లు లేదా ఒకే రేషన్ కార్డు ఉన్నవాళ్లు అని చట్టం లోపలే నిర్వచనం రాసింది. జాబ్ కార్డుకి పనికొచ్చిన భోజనం అన్నం కార్డుకి పనికిరాకపోవడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

2013 జాతీయ ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా దాకా వర్తిస్తుంది. ఏ రాష్ట్రానికి ఎంత శాతం అన్నది 2011-12 శాంపిల్ సర్వే ఖర్చుల లెక్కల నుంచి తీశారు, జనాభా 2011 జనగణన నుంచి తీసుకున్నారు. రెండూ పొయ్యిని పట్టుకుని లెక్కించినవే. అంటే రాష్ట్రానికి ఎంత బియ్యం రావాలో తేల్చేటప్పుడు పొయ్యి లెక్క, ఆ బియ్యం ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు మ్యాపింగ్ లెక్క.

ఆ చట్టంలోనే 13వ సెక్షన్ కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడనే రాయాలంటుంది. చట్టం ఇంటి పెద్దగా గుర్తించిన ఆ పెద్దావిడే కొడుకు జీతం చిట్టీ వల్ల అనర్హురాలవుతోంది.

అంత్యోదయ సంగతి చూడండి. 2000 డిసెంబర్ 25న మొదలైన ఈ పథకంలో ఇప్పుడు కుటుంబానికి నెలకి 35 కిలోలు ఇస్తారు, ఒక్కరే ఉన్నా 35 కిలోలే. మార్గదర్శకాల్లో ఎవరికివ్వాలని రాశారో చదివితే, కుటుంబం గానీ సమాజం గానీ ఆదుకోని వితంతువులు, వికలాంగులు, 60 ఏళ్లు దాటినవాళ్లు, ఒంటరి స్త్రీలు, ఒంటరి పురుషులు అని స్పష్టంగా కనిపిస్తుంది. అందరికంటే నిరుపేదల కోసం పెట్టిన కార్డు ఒంటరి మనిషిని ఒక కుటుంబంగా ఒప్పుకుంది. మ్యాపింగ్ వచ్చాక "కుటుంబం ఆదుకోనివాళ్లు" అని నిరూపించుకునే దారి మూసుకుపోయింది. తెర మీద కుటుంబం నిండుగా కనిపిస్తుంది మరి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద మొదట కలిసిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి, 2019 ఆగస్టులో. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ వచ్చి మేస్త్రీ పని చేసుకునే మనిషి తన కార్డు మీద అక్కడ కొంత బియ్యం తీసుకోవచ్చు, మిగతాది ఊళ్లో భార్య తీసుకోవచ్చు. ఒక కార్డుకి రెండు ఊళ్లలో రెండు పొయ్యిలు ఉంటాయని పంపిణీ వ్యవస్థ ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది అర్హత తేల్చే దగ్గరే.

విడదీస్తే బియ్యం పెరుగుతుందా?

కార్డులు విడగొడితే ఖర్చు పెరిగిపోతుందన్నది తరచూ వినిపించే భయం. లెక్క వేసి చూద్దాం. మామూలు కార్డుకి బియ్యం మనిషి లెక్కన ఇస్తారు, తలకి 5 కిలోలు. తెలంగాణలో రాష్ట్రం వాటా కలిపి 6 కిలోలు. ఆరుగురున్న కార్డుకి ఆంధ్రలో 30 కిలోలు. అది ఇద్దరూ నలుగురుగా విడిపోతే 10, 20. మొత్తం మళ్లీ 30. ఒక్క గింజ కూడా పెరగదు. పంచదార కార్డు లెక్కన అరకిలో ఇస్తారు కాబట్టి ఆ అరకిలో పెరుగుతుంది. కందిపప్పు ఇచ్చే నెలల్లో ఒక కిలో.

అంత్యోదయ కార్డుకి లెక్క మారుతుంది, నిజమే. అయిదుగురున్న కార్డుకి 35 కిలోలు వస్తున్నాయనుకోండి. విడిపోయాక ముసలి దంపతులకి 35 అలాగే ఉంచి, కొడుకు, కోడలు, మనవడికి మనిషికి 5 చొప్పున మామూలు కార్డు ఇస్తే మొత్తం 50 అవుతుంది. ఇక్కడ మాత్రం ఎవరికి ఏ కార్డు అన్నది అధికారి ఇల్లు చూసి తేల్చాలి. ఇలాంటి కార్డులు మొత్తం కార్డుల్లో కొద్దిపాటివే.

ఇవి పక్కన పెడితే, ఖర్చు నిజంగా పెరిగేది ఒక్కచోట. ఇప్పుడు అనర్హురాలిగా ఉన్న మామ్మగారు విడిగా అర్హురాలవుతారు. ఆమెకి నెలకి 5 కిలోలు. సేకరణ, రవాణా, నిల్వ కలుపుకుని ఎఫ్‌సీఐకి (భారత ఆహార సంస్థకి) కిలో బియ్యం 40 రూపాయల అటూ ఇటూగా పడుతుంది. నెలకి 200, ఏడాదికి 2,400. ఆంధ్రలో చట్టం కింద కేంద్రం లెక్కలోకి వచ్చేది 2 కోట్ల 68 లక్షల మంది. ఆ పైన ఉన్న కార్డుల భారం రాష్ట్రానిదే. ఆ భారం తేలికని అనను. ఎవరో ఒకరిని పక్కన పెట్టక తప్పదంటే, విడిగా వండుకునే ముసలావిడని పక్కన పెట్టడం తప్పు ఎంపిక అంటున్నాను.

దొంగ వేరుకాపురాల భయం

ఈ వాదనకి వచ్చే గట్టి ఎదురుమాట వేరే ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. "కలిసే ఉంటారు, కార్డు కోసం వేరుపడ్డామంటారు. కొడుకు మేడ మీద, తల్లి కింద వాటాలో. పూటకోసారి పైనుంచి కంచం దిగుతుంది. దాన్ని వేరు పొయ్యి అంటారా?" అనరు. అన్నం పైనుంచి వస్తుంటే అది ఒకే పొయ్యి. ఇక్కడ తిన్నంత తిని అక్కడ కార్డు అడగడం అన్యాయమే. అలాంటివాళ్లు ఉన్నారని సచివాలయ సిబ్బంది చెప్పేది కల్పన కాదు.

ఇంకా లోతుగా వెళ్తే, జనం విడిపోయామని రాయించుకోవడం 5 కిలోల బియ్యం కోసం కాదు. కార్డు చాలా తలుపులకి తాళంచెవి. సామాజిక పింఛను కుటుంబానికి ఒకటే, వికలాంగుల్లాంటి కొందరికి తప్ప. ఇల్లు, ఫీజుల సాయం, ఇంకా ఎన్నో కుటుంబం లెక్కనే. కార్డు రెండైతే రెండో పింఛను అడగొచ్చు. అందుకే పొయ్యి లెక్క పెడితే పింఛన్ల బడ్జెట్ తట్టుకోలేదని అధికారులు అంటే, ఆ భయం అర్థం లేనిది కాదు. నాకే ఇక్కడ కొంత తటపటాయింపు ఉంది. అయితే దీనికి మందు బియ్యం కార్డుని బిగించడం కాదు. 2019లో బియ్యం కార్డుని ఆరోగ్యశ్రీ, పింఛను, ఫీజుల కార్డుల నుంచి వేరు చేసినప్పుడు చెప్పిన మాట ఇదే: ఏ పథకం అర్హత దానిదే. ఆ మాట మీద నిలబడాలి. పింఛనుకి పెద్ద కుటుంబాన్ని లెక్క వేసుకోనివ్వండి, అన్నానికి పొయ్యిని లెక్క వేయండి. రెంటికీ ఒకే మ్యాపింగ్ వాడడం వల్లే ఒక పథకం భయం ఇంకో పథకం అర్హుల నోటి దగ్గర కూడు లాగేస్తోంది.

"ఉద్యోగి కొడుకు ఉన్నాడుగా, తల్లిని చూసుకోవడం వాడి బాధ్యత కాదా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. బాధ్యతే. 2007 తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ఆ మాటే చెబుతుంది. ఆర్డీవో స్థాయి అధికారి ట్రిబ్యునల్‌గా కూర్చుని నెలకి 10,000 రూపాయల దాకా మనోవర్తి వేయొచ్చు. దానికి తల్లి వెళ్లి కొడుకు మీద కాగితం పెట్టాలి. ఎంతమంది తల్లులు పెడతారు? పెట్టని తల్లికి కార్డు కూడా ఆపితే కొడుక్కి పడే శిక్ష ఏమీ లేదు, ఉపవాసం తల్లిదే. కొడుకు జీతం నుంచి రాబట్టడం ప్రభుత్వం చేతిలో పని. అది చేతకాక ఆమె గిన్నెలోంచి తీసుకోవడం న్యాయం కాదు.

రేషన్ బియ్యం సగం మంది తినరు, డీలరు దగ్గరే అమ్మేస్తారు, కాకినాడ పోర్టు దాకా వెళ్తుంది, దాని కోసం ఇంత రభసెందుకు అన్నవాళ్లకి ఒక్కటే జవాబు. అమ్ముకునేవాడి దగ్గర కార్డు ఉంది. తినేవాళ్లలో కార్డు లేనివాళ్ల గురించి మనం మాట్లాడుతున్నాం.

తెలంగాణ దారి

తెలంగాణలో హద్దులు వేరు. ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షలు, తరి (మాగాణి) 3.5 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాలు. అక్కడ దరఖాస్తు మీసేవలో. అక్కడి చిక్కు ఎక్కువగా కొత్త కోడళ్లది. పుట్టింటి కార్డులో పేరు ఉన్నంతకాలం అత్తింటి కార్డులో చేర్చరు కాబట్టి ముందు అక్కడ తీయించుకోవాలి. తీసేయడం చకచకా అయిపోతుంది, చేర్చడం మాత్రం ఫైలుగానే మిగులుతుంది. 2021 జులైలో ఒక విడత కొత్త కార్డులిచ్చాక మళ్లీ పెద్ద ఎత్తున కదిలింది 2025లోనే. ఈ మధ్యలో పెళ్లయిన ఆడపిల్లలు ఎంతోమంది ఏ కార్డులోనూ లేకుండా ఏళ్లు గడిపారు, వాళ్లకి పుట్టిన పిల్లలూ అంతే. తీసేయడం, చేర్చడం ఒకే దరఖాస్తులో, ఒకే క్షణాన జరగాలి. రెండోది ఆమోదం పొందేదాకా మొదటిది అమలు కాకూడదు. సాఫ్ట్‌వేర్‌కి ఇది పెద్ద విద్యేమీ కాదు. బ్యాంకులు డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి పంపేటప్పుడు రోజూ చేసే పనే.

కంప్యూటర్ పొరపాటు ఎంత దూరం వెళ్తుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2016 నుంచి రద్దయిన 19 లక్షల పైచిలుకు కార్డుల విషయంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో కలగజేసుకుని, క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమంది. డేటాబేసులని ఒకదానితో ఒకటి పోల్చి అనర్హులని తేల్చడం తప్పని నేననను. అనుమానం రావడానికి అది పనికొస్తుంది. తీర్పు చెప్పడానికి మనిషి గడప తొక్కాలి.

విడిపోవాలనుకునేవాళ్లు చేయగలిగింది

ఆంధ్రలో ఇప్పుడున్న పద్ధతిలోనే కొంత గట్టెక్కే దారి ఉంది. అన్నిటికంటే ముందు, ఏ అంచెలో, ఎవరి ఆధార్ మీద ఆగిందో తెలుసుకోండి. "ఎలిజిబుల్ కాదు" అన్న ముక్కతో ఇంటికి రాకండి. సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్ లాగిన్‌లో ఆ వివరం ఉంటుంది. కాగితం మీద రాసివ్వమనండి. కొన్ని కేసులు ఆ ఒక్క వాక్యం దగ్గరే దారిన పడతాయి, ఎందుకంటే కొడుకు ఉద్యోగం అనుకున్నది తీరా చూస్తే ఎప్పుడో అమ్మేసిన కారు కావచ్చు.

మ్యాపింగే కారణమైతే, వేరు కాపురానికి ఆనవాళ్లు పోగు చేయాలి. విడిగా ఉన్న గ్యాస్ కనెక్షన్ పుస్తకం అన్నిటికంటే గట్టిది, అది పొయ్యికి సాక్ష్యం కాబట్టి. తర్వాత అద్దె అగ్రిమెంటు లేదా ఇంటి పన్ను రసీదు, విడి మీటరు బిల్లు, కొడుకు ఆధార్‌లో మారిన చిరునామా, అతను ఉద్యోగం చేసే ఊరి అద్దె కాగితం. కొడుకు ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామానే ఉంటే ముందు అది మార్పించండి. ఎన్ని అర్జీలు పెట్టినా వీఆర్వో మొదట వేలు పెట్టేది అక్కడే. ఒకే ఇంట్లో అన్నదమ్ములైతే విడి మీటర్లు వేయించుకోవడం ఖర్చే గానీ, 300 యూనిట్ల చిక్కుని శాశ్వతంగా తీరుస్తుంది.

అర్జీలో "కార్డు ఇప్పించగలరు" అని ఊరుకోకుండా, ఎప్పటినుంచి వేరుగా వండుకుంటున్నారు, ఎక్కడ, ఎవరెవరు అన్నది రాయండి. టీ నంబరు (అర్జీ నమోదు నంబరు) ఉన్న రసీదు తీసుకోకుండా కదలొద్దు. నోటిమాట అర్జీకి ఆనవాలు ఉండదు. విడిపోతున్నవాళ్ల ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం, పడాలి. పొలం పనులతో, సున్నం సిమెంటు పనులతో వేలిముద్రలు అరిగినవాళ్లకి ఐరిస్ పెట్టమనండి. పిల్లలకి ఐదేళ్లు నిండాక ఒకసారి, 15కి ఒకసారి ఆధార్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి, లేకపోతే కార్డులో పేరుండీ ఈకేవైసీ పడదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, కార్డులో వెనక ఉన్నా కొన్నిసార్లు చిక్కే. దరఖాస్తుకి ముందే సరిచూసుకోండి. ఆధార్ లేదన్న కారణంతో పేరు తీసేయకూడదని కేంద్రం 2017 అక్టోబర్ 24నే రాష్ట్రాలకి రాసింది, ఆ తేదీ గుర్తుపెట్టుకుంటే వాదనకి పనికొస్తుంది.

ఒక సలహా మాత్రం వినకండి. "ఉన్న కార్డు సరెండర్ చేసి కొత్తగా పెట్టుకోండి, ఈజీ" అని చెప్పేవాళ్లు ఉంటారు. సరెండర్ చేస్తే ఆ నెల నుంచే బియ్యం ఆగిపోతుంది. కొత్తది వచ్చేది మళ్లీ అదే మ్యాపింగ్ దాటుకునే. చేతిలో ఉన్నది వదిలేసి ఎదురుచూడటం ఎవరికీ మంచిది కాదు.

తహసీల్దారు స్థాయిలో తిరస్కరిస్తే సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజు ఉంది. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, ఆంధ్రలో సాధారణంగా జాయింట్ కలెక్టర్. అర్జీ మీద "జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఫిర్యాదు" అని పైన రాస్తే అది మామూలు వినతిపత్రం కాకుండా పోతుంది. ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు.

ప్రభుత్వం చేయాల్సింది ఇంతకంటే సులువు. విడిపోవడానికి కారణాల వరుసలో పెళ్లి, మరణం, విడాకులతో పాటు "వంట వేరు" అని ఒక గడి చేర్చాలి. అది నొక్కితే వీఆర్వో వారం పది రోజుల్లో ఇంటికెళ్లి పొయ్యి చూడాలి, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలతో పంచనామా రాయాలి. లంచం తీసుకుని రాసేస్తాడన్న భయం ఉంటే, ఆ పేర్లు గ్రామసభలో చదివించండి. అర్హుల జాబితా అందరికీ కనిపించేలా పెట్టాలని ఆహార భద్రత చట్టం 11వ సెక్షన్, సామాజిక తనిఖీ చేయాలని 28వ సెక్షన్ ఎలాగూ చెబుతున్నాయి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని దేశానికి నేర్పింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఎవరి పొయ్యి ఎక్కడ వెలుగుతుందో ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. మేడ మీది నుంచి కంచం దిగే ఇల్లేదో కూడా వాళ్లకి తెలుసు.

కొత్త జనగణన 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరుగుతుంది. ఎన్యూమరేటర్ మామ్మగారి గుమ్మంలో నిలబడి, ఈ ఇంట్లో ఎంతమంది కలిసి తింటారు అని అడుగుతాడు. ఒక్కదాన్నే నాయనా అంటుంది. అతను ఆమెని ఏక సభ్య కుటుంబంగా రాసుకుని పక్క గుమ్మానికి వెళ్తాడు. ఆ రోజుకి సచివాలయంలో ఆమె మ్యాపింగ్‌లో ఇంకా కొడుకు ఉంటాడు, ఆమెకి కార్డు ఉండదు.